ఇస్లామిక్ స్టడీస్‌లో సీటు దగ్గర్నుంచి షేర్వానీ గుడ్డ దాకా: చేరేవాళ్లకు, చూసేవాళ్లకు

ఇది రెండు రకాల వాళ్ల కోసం రాస్తున్నా. ఇస్లామిక్ స్టడీస్‌లో పీజీ చేద్దామనుకుని, ఎక్కడ చేరాలో, ఆ పట్టా రేపు పనికొస్తుందో లేదో తెలియక తల గోక్కుంటున్నవాళ్లు ఒకరు. లాడ్ బజార్‌లో ఖడా దుపట్టాలూ (హైదరాబాదీ పెళ్లికూతురు బట్టలు) అబాయాలూ (పైన వేసుకునే పొడుగు అంగీలు) చూసి మనసు పారేసుకుని, వీటి వెనక సంగతేంటో పట్టుకుందాం అనుకునే ఫ్యాషన్ డిజైన్ పిల్లలు, బట్టల పిచ్చోళ్లు ఇంకొకరు. ఈ రెండు గుంపులూ మామూలుగా ఒకరి జోలికి ఒకరు పోరు. నన్నడిగితే మొదటివాళ్లు కాస్త బట్ట పట్టుకుని చూడాలి, రెండోవాళ్లు కాస్త గ్రంథం తెరవాలి. ఎందుకంటానో మష్రూ అనే పట్టు-నూలు గుడ్డ దగ్గరికి వచ్చేసరికి మీకే తెలుస్తుంది. ఉదాహరణలన్నీ ఎక్కువగా హైదరాబాద్ నుంచే ఇస్తున్నా, ఎందుకంటే చదువూ మగ్గమూ రెండూ బస్సు దూరంలో దొరికే ఊరు ఇంకోటి వెతకడం కష్టం.

ముందు మదర్సానా, యూనివర్సిటీనా తేల్చుకోండి

రెండూ ఒకటే అనుకుని చేరిపోయి తర్వాత టెన్షన్ పడేవాళ్లు చాలామంది. ఒకటి కాదు. మదర్సాలో చదువు లోపలి నుంచి ఉంటుంది: అరబ్బీ వ్యాకరణం, ఖురాన్ వ్యాఖ్యానం, హదీసు (ప్రవక్త మాటలు, నడత), ఫిఖా (ధర్మశాస్త్రం), తర్కం, ఇవన్నీ ఉస్తాద్ ఎదురుగా కూర్చుని గ్రంథం వరసన చదవడం. లక్నో ఫిరంగీ మహల్‌లో 18వ శతాబ్దంలో ముల్లా నిజాముద్దీన్ కూర్చిన పాఠ్యక్రమం, దర్సె నిజామీ అంటారు, కాస్త అటూ ఇటూ మార్పులతో దేశంలో చాలా మదర్సాల్లో ఇప్పటికీ నడుస్తున్నది అదే. యూనివర్సిటీలో అయితే చరిత్ర, సమాజం, తత్వం, కళలు, ఆధునిక ఉద్యమాలు వస్తాయి, అదే గ్రంథాన్ని ఎవరు, ఎప్పుడు, ఎందుకు రాశారు అని అడుగుతారు. అక్కడ మీ మతం ఏమిటని ఎవరూ అడగరు. హిందువులూ క్రైస్తవులూ కూడా ఈ సబ్జెక్టు తీసుకుంటారు, అందులో వింతేమీ లేదు.

హైదరాబాద్‌లో మదర్సా అంటే పాతబస్తీలోని జామియా నిజామియా పేరే ముందు చెబుతారు. 1870లలో అన్వారుల్లా ఫారూఖీ పెట్టారు, ఆయన నిజాంలకు గురువు కూడా. మౌల్వీ, ఆలిమ్, ఫాజిల్, కామిల్ అని మెట్లు మెట్లుగా పైకి పోతుంది. ఆడపిల్లలకు మొఘల్‌పురాలో జామియతుల్ మోమినాత్ ఉంది, అక్కడ ఫత్వా ఇచ్చే చదువు దాకా నేర్పుతారు, ముఫ్తియాలు బయటికి వస్తున్నారు. పిల్లకు దీనీ తాలీమ్ (మత చదువు) కావాలనుకునే ఇళ్లలో దీన్ని గురించి బాగానే తెలుసు, బయటివాళ్లకే తెలియదు.

ఇక్కడో చిక్కు ఉంది, పట్టా విలువ. యూజీసీ చట్టం ప్రకారం డిగ్రీ అనేది యూనివర్సిటీయే ఇవ్వాలి. ఉత్తరప్రదేశ్ మదర్సా బోర్డు కేసులో సుప్రీంకోర్టు 2024 నవంబర్ 5న ఆ బోర్డు చట్టాన్ని నిలబెట్టింది గానీ కామిల్, ఫాజిల్ వరకు వచ్చేసరికి కొట్టేసింది, అవి ఉన్నత విద్య కిందికి వస్తాయి కాబట్టి రాష్ట్ర బోర్డుకు ఆ అధికారం లేదంది. అక్కడ కామిల్ డిగ్రీ స్థాయి, ఫాజిల్ పీజీ స్థాయి. నిజామియాలో వరస తిరగబడుతుంది, ఫాజిల్ తర్వాత కామిల్. కాబట్టి సర్టిఫికెట్ మీద పేరు చూసి అంచనా వేయొద్దు. మీరు చేరబోయే యూనివర్సిటీ ఆ మదర్సా సనద్‌ను (పట్టాను) దేనితో సమానంగా తీసుకుంటుందో ప్రాస్పెక్టస్‌లో జాబితా ఉంటుంది, అందులో మీ మదర్సా పేరు ఉందా లేదా చూసుకోండి. పేరు లేకపోతే ఫోన్‌లో "పర్లేదు, అయిపోతుంది" అన్న మాట నమ్మకండి. ఈమెయిల్ పెట్టండి, జవాబు రాతపూర్వకంగా తెప్పించుకోండి. అవసరమైతే ఎన్ఐఓఎస్‌లో (కేంద్రం వాళ్ల ఓపెన్ స్కూల్) టెన్త్, ఇంటర్ పక్కన కట్టేసుకోవడం మేలు, మదర్సాలో చదువుతుండగానే కట్టుకుంటే ఏళ్లు కలిసొస్తాయి.

యూనివర్సిటీ వైపు వస్తే మనవాళ్లకు దగ్గర దారులు ఇవి. ఉస్మానియాలో ఇస్లామిక్ స్టడీస్, అరబిక్ రెండు విభాగాలూ ఉన్నాయి, పీజీకి సీపీగెట్ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాయాలి. గచ్చిబౌలిలో మౌలానా ఆజాద్ నేషనల్ ఉర్దూ యూనివర్సిటీ, అందరూ మను అంటారు, 1998లో మొదలైన సెంట్రల్ యూనివర్సిటీ. అక్కడ ఇస్లామిక్ స్టడీస్ విభాగం ఉంది, బోధన ఉర్దూలో. మదర్సా నుంచి వచ్చేవాళ్లు మామూలు డిగ్రీలోకి మారడానికి బ్రిడ్జ్ కోర్సులు కూడా పెట్టారు, ఇది చాలామందికి తెలియని మంచి తలుపు. ఏపీ వాళ్లకు కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హక్ ఉర్దూ యూనివర్సిటీ ఉంది, ఏ ఏడు ఏ కోర్సు నడుపుతున్నారో కనుక్కుని వెళ్లండి. దూరం పోగలిగితే అలీగఢ్, ఢిల్లీలో జామియా మిల్లియా, జామియా హమ్‌దర్ద్. వీటి లైబ్రరీలు చూస్తే మళ్లీ ఇంటికి రాబుద్ధి కాదు. ప్రవేశ పద్ధతి ఒక్కోదానికి ఒక్కో రకం, ఏటా మారుతుంటుంది కూడా, అందుకని పోయినేడు అన్నయ్య చెప్పిన మాట మీద ఆధారపడొద్దు.

విదేశాలు అంటే మనవాళ్ల నోట వచ్చేది కైరో అల్ అజ్హర్, మదీనా ఇస్లామిక్ యూనివర్సిటీ, మలేషియాలో అంతర్జాతీయ ఇస్లామిక్ యూనివర్సిటీ. మొదటిది పదో శతాబ్దంలో మసీదుగా మొదలైంది, రెండోది 1961, మూడోది 1983. వయసులో వెయ్యేళ్ల తేడా ఉన్నట్టే చదువు తీరులోనూ తేడా ఉంటుంది. ఎక్కడ చదివినా తిరిగొచ్చాక ఆ డిగ్రీ ఇక్కడి డిగ్రీతో సమానమనే పత్రం కావాలి. విదేశీ డిగ్రీల గుర్తింపు మీద యూజీసీ 2025లో కొత్త నిబంధనలు తెచ్చింది, టికెట్ కొనకముందే అవి చదువుకోండి, వచ్చాక కాదు.

భాష సంగతి

ఎంఏలో సగం మంది కాళ్లు జారేది ఇక్కడే. ఉర్దూ మాట్లాడటం వచ్చు కదా అనుకుంటారు, దక్కనీ ఇంట్లో వినిపిస్తుంది కదా అనుకుంటారు, తీరా నస్తాలీఖ్ లిపిలో ఒక పేజీ ఇస్తే చుక్కలు కనిపిస్తాయి. మనులో చేరాలంటే ఏదో ఒక దశలో ఉర్దూ మాధ్యమంగానో సబ్జెక్టుగానో చదివి ఉండాలి, లేదా వాళ్లు గుర్తించిన మదర్సా చదువు ఉండాలి. లేనివాళ్లకు మను దూరవిద్యలోనే ఇంగ్లీషు ద్వారా ఉర్దూ నేర్పే సర్టిఫికెట్ కోర్సు ఉంది. ఎన్సీపీయూఎల్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ కూడా ఉర్దూ డిప్లొమా, అరబిక్ కోర్సులు నడుపుతుంది, ఫీజు నామమాత్రం. అరబ్బీ సీరియస్‌గా కావాలంటే తార్నాకలో ఇఫ్లూ (ఇంగ్లీషు, విదేశీ భాషల యూనివర్సిటీ).

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు భయపడాల్సిన పని లేదు. మన భాషలోనే ఖాళీ, దాఖలా, రుజువు, జమాబందీ, వకాల్తా అని వందల మాటలు అటునుంచే వచ్చి కూర్చున్నాయి. లిపికి మూడు నాలుగు నెలలు పెట్టండి, రోజూ ఒక ఉర్దూ పత్రిక హెడ్డింగులు కూడబలుక్కోండి. హైదరాబాద్‌లో ఉర్దూ దినపత్రికలు ఇంకా అచ్చవుతున్నాయి, పాతబస్తీ హోటల్లో టీ చెప్పుకుంటే టేబుల్ మీద ఊరికే దొరుకుతాయి.

ఉస్మానియా క్యాంపస్‌లో దాయిరతుల్ మఆరిఫ్ అని ఒకటుంది. 1888లో పెట్టారు. పాత అరబ్బీ రాతప్రతులను పరిష్కరించి అచ్చు వేస్తుంది. ఇక్కడ అచ్చయిన పుస్తకాలు అరబ్ దేశాల యూనివర్సిటీల్లో పేరుతో చెప్పుకుంటారు, మన పిల్లలు దాని పక్కనుంచే నడిచి పోతూ అదేంటో తెలియకుండా పీజీ పూర్తి చేస్తారు. ఒకసారి లోపలికి వెళ్లి చూడండి.

ఇప్పుడు బట్ట

ముస్లిం దుస్తులు అనగానే నల్ల బురఖా, తెల్ల టోపీ, అంతటితో ఆగిపోతారు చాలామంది. ఫ్యాషన్ వాళ్లు ఇంకో రకం, జరీ కనిపిస్తే చాలు "మొఘల్" అనేస్తారు. రెండూ పని జరగనిచ్చే మాటలు కావు. ఏ బట్టనైనా చూడగానే ఎక్కడ నేశారు, ఎవరు కుట్టారు, ఎవరు ఎప్పుడు వేసుకుంటారు, వేసుకోవడానికి అడ్డం వచ్చిన నియమం ఏమిటి, ఈ నాలుగూ అడగండి. నాలుగో ప్రశ్నకే మీ చదువు కావాలి.

మష్రూనే తీసుకోండి. హదీసుల్లో మగవాళ్లకు పట్టు కూడదని ఉంది, నాలుగు వేళ్ల వెడల్పు అంచు దాకా పర్వాలేదనీ ఉంది. మరి నవాబులూ జాగీర్దార్లూ నిగనిగలాడే గుడ్డ లేకుండా ఉండగలరా? మష్రూలో పడుగు (నిలువు పోగులు) పట్టు, పేక (అడ్డం పోగులు) నూలు. సాటిన్ నేత కాబట్టి పడుగు పోగులు పైకి తేలి మొహం అంతా పట్టులా మెరుస్తుంది, ఒంటికి తగిలేది మాత్రం నూలు. సరే, ఇది కళ్లు కప్పడమే కదా అని నవ్వేసి పోవచ్చు. కానీ మదర్సాల్లో ఇప్పటికీ పాఠం చెప్పే హనఫీ ఫిఖా గ్రంథం హిదాయాలో దీని గురించే చర్చ ఉంది: పడుగు పట్టయి పేక నూలో మరొకటో అయితే వేసుకోవచ్చు, ఎందుకంటే నేస్తేనే గుడ్డ అవుతుంది, నేయడం పేకతోనే జరుగుతుంది, కాబట్టి లెక్కలోకి వచ్చేది పేకే. అంటే న్యాయవేత్త మగ్గం చూశాడు, మగ్గం మీద కూర్చున్నవాడికి ఫిఖా తెలుసు. ఈ ఒక్క విషయం మీద ఎంఏ డిసర్టేషన్ హాయిగా రాసుకోవచ్చు. ఫిఖా మాత్రమే వచ్చినవాడు సాటిన్ నేత అర్థం కాక వదిలేస్తాడు, ఫ్యాషన్ విద్యార్థికి హిదాయా పేరే తెలియదు. అందుకే ఈ రెండు గుంపులనూ కలపాలని నా గోల.

చూసే పద్ధతి కూడా తేలికే. గుడ్డను తిరగేయండి. మష్రూ అయితే వెనక మెరుపు ఉండదు, మాట్‌గా నూలు కనిపిస్తుంది, మీద మెరుపు. హిమ్రూ (పువ్వులు నేసిన పట్టు-నూలు గుడ్డ) అయితే వెనక వదులుగా వేలాడే పోగులు కనిపిస్తాయి, అవి పువ్వు కోసం అదనంగా నడిపిన పేక. ఔరంగాబాద్ వైపు నుంచి నిజాం రాజ్యమంతా షేర్వానీలకూ శాలువాలకూ పోయిన గుడ్డ ఇది. హైదరాబాద్‌లో హిమ్రూ, మష్రూ మళ్లీ మగ్గం ఎక్కాయంటే సురయ్యా హసన్ బోస్ అనే ఆవిడ పుణ్యం. రాయదుర్గం వైపు మగ్గాలు పెట్టి, భర్త పోయిన ఆడవాళ్లకు నేత నేర్పించి, వాళ్ల పిల్లలకు బడి కూడా నడిపారు. 2021లో పోయారు, తొంభై దాటాక.

తేలియా రుమాలు: మన మగ్గం, అరబ్బు తల

ఇది కాస్త ఎక్కువ రాస్తా, ఏమనుకోకండి, నాకు ఇష్టమైన గుడ్డ.

తేలియా రుమాలు చీరాలలో పెరిగింది, ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లా పుట్టపాకలో నిలబడింది. నేసేవాళ్లు మన పద్మశాలీలు. ఒకప్పుడు తట్టలు తట్టలుగా ఓడ ఎక్కి అరబ్ దేశాలకు పోయేది, అక్కడివాళ్లు తలకు చుట్టుకునేవాళ్లు. ఇక్కడ అదే గుడ్డ జాలరి నడుముకు లుంగీ, పశువుల కాపరి భుజానికి తుండు, నిజాం కొలువులో బేగంల దుపట్టా. ఒకే నేత, ఎవరెవరి ఒంటి మీదికి పోయిందో చూడండి. దీన్ని హిందూ బట్ట అనాలా ముస్లిం బట్ట అనాలా అని ఎవరైనా తగువు పెట్టుకుంటే నేను ఒక రుమాలు చేతిలో పెట్టి ఊరుకుంటా.

పేరులో తేల్ ఉన్నట్టే పనిలోనూ నూనె ఉంటుంది. ఆముదపు కాయల పొట్టు కాల్చిన బూడిద నీళ్లలో, నూనె కలిపి, నూలును రోజుల తరబడి నానబెడతారు, పిసుకుతారు, ఎండబెడతారు, మళ్లీ నానబెడతారు. ఇలా వారాలు. దీంతో నూలు రంగును గట్టిగా పట్టుకుంటుంది, గుడ్డ మెత్తబడుతుంది, ఎడారి ఎండలో తలకు చల్లగా ఉంటుందని పేరు. తర్వాత పడుగు పోగులూ పేక పోగులూ రెండింటినీ లెక్క ప్రకారం కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్లీ కట్టి, అప్పుడు మగ్గం ఎక్కిస్తారు. దీన్నే డబుల్ ఇక్కత్ అంటారు. రెండు వైపులా ముందే రంగు పడిన పోగులు మగ్గం మీద సరిగ్గా కలుసుకోవాలి. ఒక పోగు తప్పితే పువ్వు చెదిరిపోతుంది.

అసలుదో నకలుదో చూడాలంటే రుమాలును వెలుతురుకు పట్టండి. పడుగు, పేక రెండూ ఎరుపైన చోట రంగు చిక్కగా, గట్టిగా ఉంటుంది. ఒక్కటే ఎరుపైన చోట పలచగా, గళ్ల మాదిరి తెల్లపోగు కలిసి కనిపిస్తుంది. రెండూ తెల్లవైన చోటే శుద్ధ తెలుపు. ఈ మూడు ఛాయలూ చదవగలిగితే మీకు డబుల్ ఇక్కత్ వచ్చేసినట్టే. పువ్వు అంచులు కత్తితో కోసినట్టు తీరుగా ఉంటే అది ప్రింటు, పక్కన పెట్టేయండి. మొదట్లో నమూనాలన్నీ లెక్కల గీతలే, చతురస్రాలు, వజ్రాలు. తర్వాత గడియారాలు, విమానాలు, సింహాలు కూడా వచ్చాయి, నేతగాడికి కనిపించిన కొత్త వస్తువల్లా గుడ్డ ఎక్కింది. తేలియా రుమాలుకు 2020లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. పుట్టపాకకు చెందిన గజం గోవర్ధనకు 2011లో, గజం అంజయ్యకు 2013లో పద్మశ్రీలు వచ్చాయి. హైదరాబాద్ నుంచి పొద్దున బయల్దేరితే చూసి సాయంత్రానికి వచ్చేయొచ్చు. ముందు ఫోన్ చేసి వెళ్లండి, పని మధ్యలో ఊడిపడితే ఎవరికైనా ఇబ్బందే.

ఎక్కడ చూడాలి

మొట్టమొదటి మాట: శుక్రవారం పెట్టుకోకండి. సాలార్‌జంగ్, చౌమహల్లా, పురానీ హవేలీలోని నిజాం మ్యూజియం, మూడూ శుక్రవారమే మూత.

నిజాం మ్యూజియంలో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ బట్టల బీరువా ఉంది. బీరువా అంటే మనింట్లోది కాదు, రెండంతస్తుల చెక్క మేడ, ఒక పెద్ద హాలు పొడుగునా రెండు వైపులా, పైకి పోవడానికి చేత్తో తిప్పే లిఫ్టు. వేసిన బట్ట మళ్లీ వేసేవాడు కాదని చెప్పుకుంటారు. అందరూ ఆ కథ విని ఫొటో దిగి వచ్చేస్తారు. మీరు మాత్రం ఇన్ని బట్టలు ఎవరు కుట్టారు, ఎవరు ఉతికారు, ఎవరు వరస పెట్టారు అని ఆలోచించండి, దర్జీలు, ధోబీలు లేని ఫ్యాషన్ చరిత్ర సగం చరిత్రే.

చౌమహల్లాలో దుస్తుల గ్యాలరీ ఉంది, ఖడా దుపట్టాను తీరిగ్గా చూడాలంటే అక్కడికే. ఆరు గజాల దుపట్టా, కింద చూడీదార్, పైన కుర్తా, దాని మీద చిన్న కోటీ. కట్టే తీరే దాని అందం: ఒంటిచుట్టూ తిప్పి భుజాల మీద నిలబెడతారు, కుట్టిన దుస్తులూ కుట్టని చీరా ఒకే ఒంటి మీద కలిసినట్టుంటుంది. ఇప్పటికీ హైదరాబాదీ పెళ్లికూతురు దీన్నే వేసుకుంటుంది, మెడలో నల్లపూసల లచ్ఛా కూడా ఉంటుంది. అవును, నల్లపూసలే. మన నల్లపూసల్లాగే పెళ్లైన గుర్తు. పెళ్లికి ముందు మాంఝా రోజు పసుపు బట్టలు. ఉత్తరాది పుస్తకాలు మాత్రమే చదివి వస్తే ఈ దక్కనీ సంగతులు కనపడవు. ఘరారా, షరారా గందరగోళం కూడా ఇక్కడే తీర్చేసుకోండి: మోకాలి దగ్గర కుట్టు వేసి అక్కణ్నుంచి కుచ్చులు విప్పితే ఘరారా, నడుం నుంచే విచ్చుకుంటే షరారా. మొదటిది లక్నో వైపు పెద్దింటి బట్ట.

సాలార్‌జంగ్‌లో దక్కనీ చిత్రాలు చూసేటప్పుడు జామా అనే పొడుగు అంగీ ముడి ఏ చంక కింద ఉందో చూడండి. మొఘల్ కాలపు చిత్రాల్లో ముస్లింలు కుడివైపు, హిందువులు ఎడమవైపు ముడి వేసుకోవడం కనిపిస్తుంది. ఆ ఒక్క ముడి తీసేస్తే దర్బారులో నిలబడ్డ ఇద్దరి బట్టలూ ఒకటే.

బతికున్న బట్ట చూడాలంటే లాడ్ బజార్, పత్తర్‌గట్టీ, మదీనా బిల్డింగ్. పొద్దున్నే పోతే షట్టర్లే చూసి రావాలి, మధ్యాహ్నం తర్వాత వెళ్లండి. రంజాన్ రాత్రుళ్లు సరుకు ఎక్కువ, అడుగు పెట్టే చోటు తక్కువ, మాట్లాడించడానికి ఎవరికీ తీరిక ఉండదు. లాడ్ బజార్ పక్క గల్లీల్లో బొగ్గుల కుంపటి మీద లక్క కరిగించి గాజు తిప్పేవాళ్లు ఇంకా ఉన్నారు. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో జీఐ వచ్చింది.

పల్లెల సంగతి మర్చిపోకండి. రాయలసీమలో, కోస్తాలో ముస్లిం ఆడవాళ్లు చాలామంది చీరే కట్టుకుంటారు, కొంగు తల మీదికి వస్తుంది, బయటికి పోతే పైన బురఖా. మీ ఊళ్లోనే మొదలుపెట్టండి, దీనికి హైదరాబాద్ బస్సు ఎక్కక్కర్లేదు.

మనుషులతో మాట్లాడే తీరు

"ఇది ఎందుకు వేసుకుంటారు?" అని మొదటి ప్రశ్నగా అడగొద్దు. ఎన్నిసార్లు జవాబు చెప్పి విసిగిపోయి ఉంటారో ఆలోచించండి. పైగా అదేదో సంజాయిషీ అడిగినట్టు ఉంటుంది. "ఈ గుడ్డ ఎక్కడ తీసుకున్నారు ఆపా, కుట్టింది ఎవరు?" అనండి. మాట దానంతటదే పోతుంది, చివరికి ఎందుకు అన్నది కూడా వాళ్లే చెబుతారు. పెద్దావిడ అయితే ఖాలా, దుకాణం ఆయన భాయ్, మౌల్వీగారిని మౌలానా సాబ్. సలాం చేసి మొదలుపెడితే మంచిది. మీరు ముస్లిం కాకపోతే ఆదాబ్ అన్నా నమస్తే అన్నా ఎవరూ ఏమీ అనుకోరు, నటించినట్టు ఉండకపోతే చాలు.

ఆడవాళ్ల ఫొటో అడక్కుండా తీయొద్దు. అడిగి కాదంటే బట్ట వరకే తీయమని వాళ్లే ఒక్కోసారి కొంగు పట్టి చూపిస్తారు. దర్గాలో తల కప్పుకోండి, మగవాళ్లు కూడా. మొహర్రంలో షియా సోదరులు నల్లబట్టలు వేస్తారు, అది దుఃఖం, బీబీ కా ఆలం ఊరేగింపు దగ్గర నిలబడి "బ్లాక్ లుక్ అదిరింది" అనకండి, అలాంటివి నేను విన్నాను.

ఈ కాలం ఫ్యాషన్ చదవాలంటే

మాడెస్ట్ ఫ్యాషన్ అనే పేరుతో ఇప్పుడు పెద్ద వ్యాపారమే ఉంది. ఆస్ట్రేలియాలో అహెదా జనెట్టి 2004లో బుర్కినీ తెచ్చారు, 2016లో డోల్చే అండ్ గబ్బానా అబాయాలు పెట్టింది, 2017లో నైకీ క్రీడాకారిణుల కోసం హిజాబ్ తెచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని డి యంగ్ మ్యూజియం 2018 సెప్టెంబర్‌లో సమకాలీన ముస్లిం ఫ్యాషన్ల మీద పెద్ద ప్రదర్శన పెట్టింది, తర్వాత అది ఫ్రాంక్‌ఫర్ట్, న్యూయార్క్ వెళ్లింది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో గొడవ కూడా అయింది, హిజాబ్ బలవంతంగా వేయించే చోట్ల ఆడవాళ్ల కష్టం ఇందులో ఎక్కడ అని అడిగినవాళ్లు ఉన్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. ఇష్టపడి స్టైల్‌గా కట్టుకునే ఇండోనేషియా అమ్మాయి మాట కూడా నిజమే. డిసర్టేషన్‌లో రెండూ రాయండి, ఒకదాన్ని దాచి ఇంకోదాన్ని మాత్రమే రాస్తే గైడ్ పట్టుకోకపోయినా వైవాలో పట్టుకుంటారు.

ర్యాంపు, ఇన్‌స్టాగ్రామ్ మాత్రం నాకు అంతగా ఆనవు. చార్మినార్ దగ్గర అబాయా దుకాణంలో ఒక గంట కూర్చోండి, అబాయా గుడ్డల్లో నిదా అంటే ఏంటి, జూమ్ అంటే ఏంటి, క్రేప్ ఎవరు అడుగుతారు, దుబాయ్ నుంచి వచ్చిన మోడల్‌ను మన దర్జీ ఎన్ని రోజుల్లో దించేస్తాడు, గల్ఫ్‌లో పనిచేసే అన్న పంపిన ఫొటో పట్టుకుని చెల్లెలు ఎలా కుట్టించుకుంటుంది, ఇవన్నీ అక్కడ కనిపిస్తాయి. పారిస్ పత్రికలో దొరకవు.

టాపిక్, ఉద్యోగం, కొనుగోలు

టాపిక్ చిన్నది పెట్టుకోండి. "ఇస్లాంలో వస్త్రధారణ" అని పెట్టుకుంటే జన్మంతా రాయాలి. "కర్నూలు పాతబస్తీలో పెళ్లి షేర్వానీ కుట్టే దర్జీలు" అని పెట్టుకోండి, ఏడాదిలో అయిపోతుంది. ప్రతి గుడ్డకూ ఒక కాగితం: ఎవరిది, ఎప్పటిది, ఎంత పొడవు, పడుగు ఏమిటి, పేక ఏమిటి, వెనక వైపు ఫొటో, వాళ్లు దాన్ని ఏ పేరుతో పిలుస్తారు. వాళ్లు చెప్పిన పేరే రాయండి, పుస్తకంలో పేరు పక్కన వేసుకోండి.

ఉద్యోగాలు చెప్పమంటే, కోకొల్లలు అని అబద్ధం చెప్పను. లెక్చరర్ కావాలంటే యూజీసీ నెట్‌లో అరబ్ కల్చర్ అండ్ ఇస్లామిక్ స్టడీస్ సబ్జెక్టు ఉంది, జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీ గట్టెక్కినట్టే. పోస్టులు తక్కువ. అరబ్బీ గట్టిగా వస్తే మాత్రం దారులు వేరే: హైదరాబాద్ కార్పొరేట్ ఆసుపత్రులకు ఒమన్, ఇరాక్, యెమెన్, సూడాన్ నుంచి రోగులు వస్తారు, దుబాసీలు కావాలి, కంపెనీల్లో అరబిక్ అనువాదకులు కావాలి. బట్ట వైపు అయితే మ్యూజియంలు, చేనేత సంస్థలు, సినిమా కాస్ట్యూమ్ పని. అందుకే ఎంఏ రెండేళ్లలో భాషను పక్కన పెట్టొద్దని పదే పదే అంటున్నా.

కొనేటప్పుడు ఒక్క మాట. పవర్‌లూమ్ ప్రింటుకు చేనేత ధర చెబుతారు, పైన చెప్పిన మూడు ఛాయల పరీక్ష చేయండి, చేనేత గుర్తు ఉందేమో అడగండి. నేతగాడి దగ్గరే కొంటే బేరం ఆడొద్దు, ఎన్ని రోజులు పట్టిందో అడిగి రోజుకు ఎంత పడుతుందో మనసులో లెక్క వేసుకోండి, మీకే నోరు రాదు. ఇంటికొచ్చాక తేలియా రుమాలు నుంచి నూనె వాసన వస్తోందని సర్ఫ్‌లో నానబెట్టేరు. వద్దు, కొత్తలో వాసన ఉంటుంది, వాడుతుంటే తగ్గుతుంది. చల్లటి నీళ్లలో విడిగా జాడించి నీడలో ఆరేయండి. మష్రూ షేర్వానీని తిరగేసి, మధ్యలో నూలు గుడ్డ పెట్టి ఇస్త్రీ చేయించండి, దర్జీకి ముందే చెప్పకపోతే మెరుపు వైపు పెట్టెతో రుద్దేస్తాడు.